ఆలేరులో ఆసు చూసొచ్చాను

యాదగిరిగుట్ట మొక్కు ఎన్నేళ్ళ నుంచో బాకీ ఉండిపోయింది. మాది మెట్‌పల్లి, ధర్మపురి నరసింహస్వామి మాకు దగ్గరే. అయినా గుట్ట మొక్కు గుట్టకే తీర్చాలి కదండీ! మా ఆడబిడ్డ వాళ్ళుండేది ఆలేరు పక్కన. అక్కడ రెండు రోజులుండి వచ్చేట్టు బయలుదేరాం.

కోరుట్ల, వేములవాడ, సిరిసిల్ల మీదుగా వెళ్ళాం. సిరిసిల్ల సందుల్లో మరమగ్గాల చప్పుడుకి పక్క మనిషి మాట వినబడదు. ఆలేరు వైపు అలా కాదు, చేతిమగ్గాలు. మీరు సికింద్రాబాద్ నుంచి వెళ్ళేట్టయితే కాజీపేట రైలుదారిలోనే ఆలేరు స్టేషన్.

పోచంపల్లి చీర ధర చూసి "అమ్మో, ఇంతా!" అని నేనూ చాలాసార్లు అన్నదాన్నే. ఆ చీర మగ్గం ఎక్కక ముందే దారానికి రంగులద్దాలి. అంతకంటే ముందు ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకి సుమారు 9000 సార్లు! నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలంటే లెక్క మీరే వేసుకోండి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. సాయంత్రానికి భుజం, మోచెయ్యి పట్టేస్తాయి.

ఆలేరు మండలం శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఇలాగే బాధపడుతుంటే ఆమె కొడుకు చింతకింది మల్లేశం చూడలేకపోయాడు. హైస్కూలు చదువు కూడా పూర్తికాని కుర్రాడు. 1992లో యంత్రం చెయ్యడం మొదలుపెడితే 1999కి గానీ పూర్తికాలేదు. మధ్యలో డబ్బుల్లేక ఆపేశాడు, ఊళ్ళో నవ్వారు, హైదరాబాద్ వెళ్ళి పనిచేసుకున్నాడు. అక్కడ బాలానగర్‌లో ఓ యంత్రం తిరిగే తీరు చూశాక, తనకి చిక్కని ఆఖరి ముడి విడిపోయిందట. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం అని. చీరకి గంటన్నర చాలు. అమ్మ కోసం చేసింది ఇరుగుపొరుగు మాకూ కావాలంటే వ్యాపారమైంది. ఇప్పటికి వందల ఇళ్ళకి చేరింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

మా ఆడబిడ్డ పక్కింట్లో ఆ యంత్రం చూశాను. అది దాని మానాన తిరుగుతూ ఉంటే, ఇంటావిడ పప్పుకి పోపు పెట్టి వచ్చి, తెగిన దారం ముడేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "భుజం నొప్పి పోయిందా?" అనడిగితే, "నొప్పి పోయింది గానీ చీరకు గిట్టుబాటు ఉంటలేదక్కా. ఆసు ఎంత జల్ది తిరిగితే ఏం లాభం?" అంది. అదీ నిజమే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చేస్తూనే మమ్మల్ని పెంచింది. మెడ వంచితే రాత్రికి గానీ ఎత్తేది కాదు. నేను నొప్పుల మందు రుద్దేదాన్ని. ఎన్నేళ్ళు రుద్దానో! మెడ ఎందుకు వంచాల్సి వస్తోందని ఒక్కనాడైనా అనుకోలేదు. పనంటే నొప్పి ఉంటుంది, అంతే అనుకున్నాం. మల్లేశం అలా అనుకోలేదు.

తిరిగొచ్చి అమ్మకి చెప్పాను. ఈ వయసులోనూ ఆమె చాట వదల్లేదు. అంతా విని, "బీడీకి మిషనొస్తే మాకు కూలి ఎవరిస్తరే?" అంది. జవాబు దొరకలేదు నాకు. కాసేపటికి తనే, "మిషనెందుకు బిడ్డా. ఈ చాట జర ఎత్తుమీద ఉంటే మంచిగుండు" అంది.

మర్నాడు మా వీధి వడ్రంగిని పిలిచాను. అమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలిచాడు. పదంగుళాలు వచ్చింది. "ఇంకో అంగుళం తగ్గించు, ఆకు పెట్టుకోవాలె" అంటూ అమ్మే బేరం మొదలుపెట్టింది.