మెట్టసీమ పాటలు: పేరు లేని కవయిత్రులు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున పడమటగా సాగి, మునేరు దాటినచో సుమారు 50 కిలోమీటర్ల దూరమున నందిగామయు, 75 కిలోమీటర్ల దూరమున జగ్గయ్యపేటయు వచ్చును. పూర్వము కృష్ణాజిల్లాలో మెట్టసీమయని పేరొందిన ఈ భాగము 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. డెల్టా గ్రామముల కొబ్బరితోటల చల్లదనము ఇచ్చట కానరాదు. నల్లరేగడి చేలలో ప్రత్తి, మిరప పండును. తెల్లవారకముందే చద్దిమూటతో చేలకు బయలుదేరు స్త్రీల గుంపులు ఈ సీమకు శోభ.

బేతవోలు గ్రామమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర నెలకొల్పిన పట్టణమే జగ్గయ్యపేట. మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మవారి ఆలయము కలదు. అత్తింట నిందలకోర్చిన ఒక ఇల్లాలు దేవతయైనదని ఇచ్చటి ఐతిహ్యము. తిరునాళ్ళకు వచ్చు స్త్రీలలో ఆ కథ విని కంట తడిపెట్టని వారరుదు.

ఈ స్త్రీలకు పాట కొత్తగాదు. కలుపు తీయునప్పుడు ఒకామె చరణమెత్తుకొనును, తక్కినవారందుకొందురు. పుట్టింటి బెంగ, అత్త ఆరళ్ళు, కూలి తగవు, ఏనాటికి కావలసిన చరణము ఆనాడే పుట్టును. సంక్రాంతికి గొబ్బిపాట, పెండ్లింట అప్పగింతల పాట, ఉయ్యాల చెంత జోలపాట సరేసరి. వీనిని ఎవరో ఒక స్త్రీ మొదట కట్టియుండవలెను గదా! ఆమె పేరేమి?

1938లో మదరాసు రేడియో కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమైనవి. వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు పల్లెపాటలను సేకరించి రేడియోలోను, సభలలోను పాడి, చదువుకున్న వారిచే చెవియొగ్గి వినిపించిరి. అది సామాన్యమైన మేలు గాదు. అయినను ఒక లోటు మిగిలినది. లలితగీతమునకు ముందు రచయిత పేరు చెప్పుదురు. పల్లెపాటకు మాత్రము ‘జానపదగీత’మని చెప్పిన చాలును. పాట గాలిలో ఊరూరు తిరిగినది. కట్టిన తల్లి చేనిలోనే నిలిచిపోయినది. తానే పాడుదమన్నను స్వరపరీక్షకు పట్నము పోవలెను. దినకూలి పోగొట్టుకొని, ఇంటివారి యనుమతి బడసి, పరీక్షకు నిలువగల కూలిస్త్రీలు ఎందరు?

ఇది మన దేశపు మాటయే గాదు. అమెరికాలో పల్లెపాటలనుండి పెరిగిన ‘కంట్రీ’ సంగీతమున స్వయముగా పాటలు వ్రాసి పాడు స్త్రీలు పెక్కురు కలరు. ఇద్దరు స్త్రీల పాటలు వెంటవెంట వేయరాదన్న ఆచారము అచ్చటి రేడియోలలో చిరకాలము నడచినది. 2015లో రేడియోవారికి సలహాలిచ్చు ఒక పెద్దమనిషి, పురుషుల పాటలు ఆకుకూర వంటివనియు, స్త్రీల పాటలు పైన చల్లు టమాటాముక్కల వంటివనియు సెలవిచ్చి గాయనుల యాగ్రహమునకు పాత్రుడయ్యెను. అచ్చట పేరున్న స్త్రీకి చోటు కరవు. ఇచ్చట చోటు దొరికిన పాటకు పేరు కరవు.

పేరు నిలుపుట మన సీమకు తెలియని విద్య గాదు. జగ్గయ్యపేట చెంతనున్న బౌద్ధస్తూపమున ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరపు ప్రాకృత శాసనము దొరికినది. క్రీ.శ. 3వ శతాబ్దిలో సిద్ధార్థుడను శిల్పి అయిదు స్తంభములు నిలిపి, తల్లి నాగిలానిని ముందిడుకొని, భార్య, కుమార్తె, మరదలు మున్నగు వారి పేర్లన్నియు రాతిపై చెక్కించెను. పదునేడు వందల యేండ్లు గడచినను ఆ యిల్లాండ్ర పేర్లు చెరుగలేదు.

మనకు శిలలక్కరలేదు. నేడు చేతిఫోనులో పాటను పట్టి లోకమంతటికి పంపవచ్చును. కాని సోదరీమణులారా, పాటతోపాటు పాడిన యామె పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చినదియు, ఆమె సమ్మతితో చేర్పుడు. మీ యింటి అమ్మమ్మ పాడు మంగళహారతిని నోటుపుస్తకమున వ్రాసి, అడుగున ఆమె పేరు వ్రాయుడు. ఆమె కల్పించిన చరణముండినచో అది ఆమెదని స్పష్టముగా తెలుపుడు. రేడియోవారు ఆ పాట నడిగిననాడు ముందుగా ఆ పేరు చదువుడని కోరుడు. పాట వినుట సంతోషము. పాట కట్టిన దెవరో చెప్పుట ధర్మము.