బిరుసు రెక్కలు, నెమ్మది కాళ్ళు

నేరేడుచర్ల పరిసరాలలో ఈత నేర్చుకున్నవారి కాళ్ళకు ఒక ప్రత్యేకమైన అలవాటు ఉంటుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుండి ఎడమ కాలువ ఆయకట్టులో పెరిగిన పిల్లలకు బావి మొదటి బడి అయితే, కాలువ రెండవది. బావిలో నడుముకు ఎండు సొరబుర్రనో ఖాళీ డబ్బానో కట్టుకుని తేలడం నేర్చుకుంటారు. కాలువలో నీరు నిలబడదు. అనుకున్న చోట గట్టు పట్టుకోవాలంటే ప్రవాహం ఈడ్చుకుపోకముందే నాలుగు బారలు వేసి, మోకాళ్ళ నుండి కాళ్ళను గబగబా కొట్టి ఒడ్డు చేరాలి. ఆ తన్ను పొట్టిది, వేగమైనది. ఆ నీటికి తగినది కూడా అదే. మేము అన్నదమ్ములం ఇద్దరమూ అలాగే నేర్చుకున్నాము.

తరువాత జీవనోపాధి మమ్మల్ని జిద్దాకు చేర్చింది. ఆ నగరానికి ఉత్తరాన ఒభూర్ వద్ద ఎర్రసముద్రంలో స్కూబా డైవింగ్ నేర్పుతారు. వీపున గాలి సిలిండరు, నోట శ్వాస గొట్టం, పాదాలకు ఫిన్లు, అనగా రబ్బరు రెక్కలు. శిక్షణకు చేరినప్పుడు మాకు లభించిన ఫిన్లు దళసరివి, మిక్కిలి బిరుసైనవి. రెండు చేతులతో వంచబోయినా కొద్దిపాటిగానే వంగేవి. కాలువ నేర్పిన తన్నుకూ ఈ రెక్కలకూ పొత్తు కుదరలేదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. మోకాలు బాగా మడిచి కొడితే రెక్క నీటిని వెనుకకు నెట్టదు. సైకిల్ తొక్కినట్లు నీటిలో ముందుకూ వెనుకకూ జారుతుంది, శ్రమ మాత్రం పూర్తిగా ఖర్చవుతుంది. మెత్తని రెక్క తాను వంగి ఒత్తిడిలో కొంత భరిస్తుంది. బిరుసు రెక్క వంగదు కనుక నీటి బరువంతా చీలమండ మీదికి, అక్కడి నుండి పిక్క మీదికి వస్తుంది. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అందులో వేగాన్ని రెట్టింపు చేయదలిస్తే ఎదురయ్యే నిరోధం నాలుగు రెట్లవుతుంది, దానిని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాళ్ళు తొందరపడిన కొద్దీ ప్రయాణం పెరగదు, ఆయాసం పెరుగుతుంది.

ఒడ్డున ఆయాసపడితే గాలికి కొదవ లేదు. నీటి అడుగున అలా కాదు. సిలిండరులో సాధారణంగా 200 బార్ల పీడనంతో గాలి నింపుతారు. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి రెట్టింపు ఉంటుంది కనుక ప్రతి శ్వాసకూ రెట్టింపు గాలి ఖర్చవుతుంది. దాదాపు 50 బార్లు మిగిలి ఉండగానే పైకి చేరాలన్నది డైవర్లు పాటించే వాడుక. ఆ 50 బార్లు ఎవరి కోసం? నీటిలోకి ఎప్పుడూ జతగా దిగుతారు. ఒకరి గాలికి అంతరాయం కలిగితే రెండవవారి సిలిండరుకు అమర్చిన అదనపు గొట్టంతో ఇద్దరూ శ్వాసిస్తూ పైకి రావాలి. అంటే వీపున మోసే గాలిలో కొంత భాగం మనది కాదు. అది తోడువాని అమానత్. మా ఇద్దరిలో చిన్నవాని ముల్లు ఎప్పుడూ ముందుగా పడిపోయేది, అన్న సిలిండరు సగం నిండి ఉండగానే ఇద్దరమూ పైకి రావలసి వచ్చేది. కాళ్ళు మారేవరకు లోతు పెంచేది లేదని ఈజిప్టు దేశస్థుడైన మా శిక్షకుడు తేల్చి చెప్పాడు. కోపంగా కాదు. "శ్వయ్య, శ్వయ్య" అనేవాడు, మెల్లగా, మెల్లగా అని.

"భాయిజాన్, ఈ కాళ్ళు కాలువను మరచిపోవడం లేదు" అని తమ్ముడు నవ్వుతూనే అన్నాడు గాని, ఆ మాటలో దిగులు ఉంది.

మళ్ళీ ఈతకొలను అంచు పట్టుకుని మొదటి నుండి ఆరంభించాము. తన్ను తుంటి నుండి పుట్టాలి. తొడలోని పెద్ద కండరాలు పని చేయాలి, మోకాలు బిగుసుకోకుండా కొద్దిగా మాత్రమే వంగాలి, పాదం వెనుకకు చాచి ఉండాలి. కాళ్ళ మధ్య ఎడం తక్కువ, లయ నెమ్మది. మట్టపల్లి వైపు కృష్ణలో పుట్టి నడిపే జాలరిని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తెడ్డు వంగదు. అతడు దానితో నీటిని కొట్టడు, నింపాదిగా లాగుతాడు. లాగిన తరువాత పుట్టి సాగేదాకా చేయి ఆపుతాడు. బిరుసు ఫిన్నుకు కావలసినది ఆ విరామమే. ఒక తన్ను, ఆ తరువాత శరీరం జారిపోయేంత సేపు నిశ్చలం.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మా ఇద్దరికీ ఎడమ చీలమండ కుడిదాని కంటే తేలికగా వెనుకకు చాచుకునేది. నమాజ్‌లో ఖాఇదాలో కూర్చున్నప్పుడు ఎడమ పాదాన్ని పరచి దానిపై కూర్చుంటాము, కుడి పాదాన్ని వ్రేళ్ళు మడిచి నిలబెడతాము. బాల్యం నుండి రోజుకు ఐదు పూటలా ఆ తీరుగా మలచబడిన చీలమండలవి. నమాజ్ ఆరాధనే గాని వ్యాయామం కాదు, అందులో ప్రయోజనాలు లెక్కించే అలవాటు మాకు లేదు. అయినా కుడి చీలమండకు విడిగా కొంత సాధన అవసరమైందన్నది నిజం.

అటూ ఇటూ కొట్టే ఈ తన్ను కాక కప్ప ఈత తన్ను మరొకటి ఉంది. పాదాలను ప్రక్కలకు తిప్పి, రెక్కల లోపలి ముఖాలతో నీటిని వెనుకకు నొక్కి, తరువాత జారడం. బిరుసు రెక్కలకు అది బాగా ఒప్పుతుంది. అడుగునున్న ఇసుక రేగదు, పగడాలకు రెక్క తగలదు. మాకు తుదకు ప్రియమైనది ఇదే.

పిక్క పట్టేస్తే మాత్రం పౌరుషం చూపరాదు. ఆగి, శ్వాస బిగబట్టకుండా, రెక్క కొసను చేతితో పట్టుకుని కాలు చాపి తనవైపు లాగాలి. చేయి అందకపోతే తోడువాడు లాగుతాడు.

మెత్తని ఫిన్లు కొనుక్కుంటే సరిపోదా అని అడిగినవారున్నారు. కొత్తవారికి అవే మేలని మా అభిప్రాయం కూడా. కాని ఎదురు ప్రవాహంలోనూ, అలిసిన తోడువానిని లాగవలసినప్పుడూ బిరుసు రెక్క విలువ తెలుస్తుంది. ఈ బేరం కొత్తది కాదు. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పసితనంలో చేతులకు చెక్క పలకలు తగిలించుకుని ఈదాడు. వేగం పెరిగింది గాని మణికట్లు అలిసిపోయాయని తరువాత వ్రాసుకున్నాడు. ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కొర్లియు 1933లో ఈనాటి ఫిన్లకు పేటెంటు పొందాడు. వస్తువు మారినా, వేగానికి ఏదో ఒక కీలు మూల్యం చెల్లించవలసిందే.

డైవింగ్ దుస్తులు శరీరానికి అంటుకుని ఉంటాయి కనుక సతర్ నిమిత్తం మేము పైన వదులైన లాగు ధరిస్తాము. శనివారం ఫజ్ర్ తరువాత దిగి, జొహర్‌కు ముందే మంచినీటితో స్నానం ముగిస్తాము. ఇదంతా కాలక్షేపమేనని కొందరి ఆక్షేపణ. ఇమామ్ నసాయీ సంకలనం చేసిన ఒక హదీసులో, మహాప్రవక్త (స) వ్యర్థ వినోదం క్రిందికి రావని చెప్పిన నాలుగింటిలో ఈత నేర్చుకోవడం ఒకటి. కాలువ ఒడ్డున బ్రతికే కుటుంబాలకు దాని భావం విడమరచి చెప్పనక్కరలేదు. వేసవిలో కాలువల నుండి పిల్లల శవాలను వెలికితీయడం చూసిన ఊళ్ళు మనవి.

సెలవులో ఇంటికి వచ్చినప్పుడు అన్న కొడుకులు ఫిన్లు తెచ్చారా అని మొదట అడిగారు. తేలేదు. కాలువలో సముద్రపు తన్ను పనికిరాదు. వట్టి పాదంతో నెమ్మదిగా జారుతూ ఉంటే ప్రవాహం గట్టు దాటించేస్తుంది. అందుచేత పిల్లలకు ఆ పాత పొట్టి తన్నే నేర్పుతున్నాము, అదీ పెద్దలు దగ్గరుండి, బావిలో. వట్టి కాళ్ళతో ఆగకుండా పది నిమిషాలు ఈదగలిగిన తరువాతనే రబ్బరు రెక్కల మాట అని వారికి చెప్పాము. పెద్దవాడు ఏడు నిమిషాల దాకా వచ్చాడు.