కోరంగి మడ అడవిలో ఒక ఉదయం

యానాం నుంచి కాకినాడ పోయే దారిలో కొద్ది మైళ్ళే కోరంగి. ఇంత దగ్గర ఉండీ చూడలేదు కదా అని, మొన్న సెలవులకు పిల్లలతో, పెద్దమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాము.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్కబాట కింద బురదలోంచి మడచెట్ల వేళ్ళు ఊపిరి కోసం మేకుల్లా పైకి పొడుచుకువచ్చాయి. తిల్లచెట్టు పాలు కంట పడరాదని పిల్లలను హెచ్చరించాము. నీటికుక్కలు గాని, బావురుపిల్లి గాని కనబడలేదు. పీతలూ కొంగలూ మాత్రం కనులపండువు చేశాయి.

ఒకనాటి ఓడరేవు కోరంగిని 1839 తుపాను తుడిచిపెట్టింది. అయినా బర్మా వెళ్ళిన మన తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు నిలిచిపోయింది.

పెద్దమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు, "చిన్నప్పుడు మా పొయ్యిలో ఈ కట్టెలే మండేవి, నాయనా. గాలినీ అలనూ ముందుగా కాచేవి ఇవేనని 1996 తుపాను నాడు గాని తెలియలేదు" అన్నారు.

తిరుగుదారిలో పిల్లలు బావురుపిల్లి మాట ఎత్తలేదు. "మనమూ నాలుగు మడమొక్కలు నాటకూడదా?" అన్నారు. ఆ మాటకు బదులు చెప్పవలసినది పెద్దలమైన మనమే.