కూనవరం అని కొడితే రెండొచ్చాయి

మ్యాప్స్‌లో 'కూనవరం' అని కొట్టి, వచ్చిన మొదటిదాన్ని నొక్కేశాను. తప్పు అక్కడే జరిగింది.

డిసెంబర్ చివరి వారం. ఖమ్మంలో తెల్లారి ఐదింటికి బండి తీశాం. నేనూ, మా పిన్ని కొడుకూ. వాడి వీపు మీద కెమెరా బ్యాగు, ఇద్దరి మధ్యా డ్రోన్ పెట్టె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడు ఖమ్మంలోనే పెళ్లి వీడియోలు తీస్తాడు. ముహూర్తాలు లేని రోజుల్లో ఫోక్ సాంగ్స్ తీసి యూట్యూబ్‌లో పెడతాడు. ఆడియో పని నాది. జీతం లేదు, వీకెండ్ సరదా.

ఏన్కూరు, జూలూరుపాడు దాటేదాకా పొగమంచే. కొత్తగూడెం వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. పాల్వంచలో టీకి ఆగాం. చిన్నప్పుడు భద్రాచలం బస్సులో పోతుంటే ఇక్కడి థర్మల్ ప్లాంటు టవర్లు కనబడగానే 'వచ్చేశాం' అనుకునేవాళ్లం. ఆ పాత ఎనిమిది కూలింగ్ టవర్లనీ 2024 ఆగస్టులో పడగొట్టేశారు. ఆ కూల్చివేత వీడియో మాత్రం ఇప్పటికీ మావాడి ఫోన్లో ఉంది. వాడికి ఏదైనా వీడియోగా ఉంటేనే ఉన్నట్టు.

టీ తాగుతూ అడిగాడు. "అన్నా, మన పాటకి నేషనల్ అవార్డుకి అప్లై చేయొచ్చా?"

నవ్వొచ్చింది కానీ, ప్రశ్న మంచిదే. కెనడాలో జూనో అవార్డులని ఉన్నాయి, సంగీతానికి ఆ దేశం ఇచ్చే పెద్ద గుర్తింపు. అందులో మ్యూజిక్ వీడియోకి 1984 నుంచి విడిగా ఒక అవార్డు ఉంది. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అలాంటి గడే లేదు. సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న సినిమాలకే ఎంట్రీ. యూట్యూబ్ పాట గేటు దగ్గరే ఆగిపోతుంది.

సినిమాలో పాటైతే మాత్రం దాన్ని ముక్కలుగా విడదీసి గౌరవిస్తారు. రాసినవాళ్లకి ఒకటి, పాడినవాళ్లకి ఒకటి, స్టెప్పులు పెట్టినవాళ్లకి ఒకటి. 'అల్లూరి సీతారామరాజు' పాటకి శ్రీశ్రీకి వచ్చింది, 1974 సినిమా. ఆ అల్లూరి తిరిగిన మన్యం ఇక్కడికి దూరమేం కాదు, గోదావరి దిగువకి పోతే అదే అడవి. 2023లో ఇచ్చినవాటిలో 'కొండపొలం' పాటకి చంద్రబోస్‌కి, 'ఆర్ఆర్ఆర్'లో కొమురం భీముడి పాట పాడినందుకు కాలభైరవకి, అదే సినిమాకి డ్యాన్సులు పెట్టిన ప్రేమ్ రక్షిత్‌కి వచ్చాయి. 2025 ఆగస్టులో ప్రకటించినవాటిలో 'బలగం' పాటకి కాసర్ల శ్యామ్. లెక్క చూడండి: అడవి, కొండ, పల్లె. ఈ పాటలకి ఢిల్లీలో చప్పట్లు పడింది వీటి మీదే.

"మరి డోలు కొట్టినోళ్లకి?" అన్నాడు మావాడు.

ఆ ప్రశ్న వాడు ఊరికే అడగలేదు. మేం పొద్దున్నే బయల్దేరింది దానికోసమే.

గత వేసవిలో, రేల చెట్లు పచ్చగా పూసి వేలాడుతున్నప్పుడు, మణుగూరు వైపు ఒక గూడెంలో పాట తీశాం. కొమ్ముల తలపాగాలు, ఆడవాళ్ల రేల ఆట, పైనుంచి డ్రోన్. ఒక పెద్దాయన డోలు కొట్టాడు. నలభై నిమిషాలు. అందులోంచి పన్నెండు సెకన్లు కోసి, లూప్ చేసి, పాటంతా కింద పరిచాను. వినడానికి అదిరిపోయింది. రెండు లక్షల వ్యూస్ దాటింది. డిస్క్రిప్షన్‌లో పేర్లు రాసింది కూడా నేనే. కెమెరా, ఎడిటింగ్, డీఐ, డ్రోన్, పోస్టర్ డిజైన్, ప్రత్యేక కృతజ్ఞతల కింద బండి అరువిచ్చిన ఫ్రెండు. మొత్తం పదకొండు పేర్లు. డోలు దగ్గర ఏం రాశానంటే, 'గ్రామ కళాకారులు'.

నవంబర్‌లో ఆ పెద్దాయన మనవడు ఫోన్ చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు. గొంతులో కోపం లేదు. "అన్నా, తాత పేరు ఎక్కడుందో చూస్తున్నా, కనపడట్లే" అన్నాడు. అంతే. నిజంగా ఎక్కడో ఉందనే అనుకున్నాడు పాపం.

ఆ రాత్రి ఇంకో విషయం గుర్తొచ్చింది. 2022 జనవరిలో పద్మశ్రీలు ప్రకటించినప్పుడు తెలంగాణ లిస్టులో కిన్నెర మొగిలయ్య పేరు చూసి ఆఫీసు గ్రూపులో వీడియో పెట్టింది నేనే. అంతకు కొన్ని నెలల ముందే 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్‌లో ఆయన్ని చూశాం కదా, అందరికీ తెలిసిన ముఖం. అదే లిస్టులో సకిని రామచంద్రయ్య అని ఇంకో పేరుంది. కోయ డోలి కళాకారుడు, కంచుమేళం. ఊరు మణుగూరు మండలం కూనవరం. అంటే పాత లెక్కలో మా ఖమ్మం జిల్లానే. నేను ఆ పేరు దాటేసి కిందికి స్క్రోల్ చేశాను. ఎందుకంటే ఆయన ఏ పాటలోనూ నాకు కనపడలేదు. మావాడికే కాదు, నాకూ అదే జబ్బు.

సరే, దారికొద్దాం. సారపాక దాకా వచ్చాం. పేపరు మిల్లు వాసన, లారీల వరస. ఫోను 'నేరుగా వెళ్లు' అంది, వెళ్లాం. గోదావరి బ్రిడ్జి ఎక్కాం. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన బ్రిడ్జి ఇది. ఇప్పుడు పక్కనే రెండోదీ వచ్చింది. డిసెంబర్‌లో గోదావరి ఇసుక తిన్నెలు బయటపెట్టుకుని బుద్ధిమంతురాలిలా ఉంటుంది. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి పిల్లలకి ఎక్కాల్లా వచ్చే అంకెలు. 2022 జులైలో 71 దాటింది. ముక్కోటి దగ్గర పడింది కాబట్టి ఊరంతా పందిళ్లు, రేవు దగ్గర తెప్పోత్సవం హడావిడి. పైనున్న రాముడికి కిందనుంచే దండం పెట్టి ముందుకి పోయాం.

ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్ బోర్డు కనపడింది. బండి ఆపాను.

మణుగూరుకి పోయేవాళ్లం అసలు గోదావరి దాటకూడదు, సారపాక దగ్గరే ఎడమకి తిరగాలి. ఫోను మమ్మల్ని తీసుకుపోతున్నది ఇంకో కూనవరానికి, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి. 2014 దాకా రెండు కూనవరాలూ ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. పోలవరం ముంపు లెక్కల్లో శబరి కూనవరం, చింతూరు, వీఆర్‌పురంలాంటి మండలాలు ఆంధ్రకి పోయాయి. భద్రాచలం పట్టణం ఇక్కడ, చుట్టూ ఊళ్లు అక్కడ. కోయవాళ్ల చుట్టరికాలు మాత్రం రెండువైపులా అలాగే ఉన్నాయి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాకా. గీతలు మారినప్పుడు బంధువుల్ని ఎవరూ అడగరు.

వెనక్కి తిరిగాం. గంట పోయింది. మావాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అశ్వాపురం దాటాక రోడ్డు పక్క పత్తి, మిరప. తర్వాత బొగ్గు లారీలు. మణుగూరు అంటే సింగరేణి ఓపెన్‌కాస్ట్. తవ్విపోసిన మట్టి గుట్టలు దూరం నుంచి నిజం కొండల్లాగే ఉంటాయి, చెట్లు లేవన్న తేడా తప్ప. కూనవరంలో ఆగాం. రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో పోయారు. సమ్మక్క సారలమ్మ కథని కోయలోనూ తెలుగులోనూ డోలు మీద చెప్పేవారాయన. మేడారం జాతరకి ఆ గొంతు ఉండేది. డోలీలంటే ఊరికే వాయించేవాళ్లు కాదు. కోయల్లో ఒక్కో గట్టుకి, అంటే మన గోత్రంలాంటిదానికి, పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయి. పెళ్లికి, చావుకి, కొలుపుకి పోయి ఆ చరిత్ర పాడి వినిపించేది డోలీలే. గుడ్డ మీద బొమ్మలు గీసిన పడిగె ఉంటుంది. పుస్తకం అదే. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు తిరిగి తిరిగి ఈ కథల్ని నమోదు చేయబట్టి బయటి లోకానికి కొంచెం తెలిసింది.

మా పెద్దాయన గూడెం అక్కడికి కొంచెం లోపల. పేరు ఇక్కడ రాయట్లేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

వాకిట్లో మంచం వాల్చాడు. నేను ప్రాక్టీస్ చేసుకొచ్చిన క్షమాపణంతా మర్చిపోయి, ఫోన్లో పాట పెట్టి చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇది నేను కొట్టిందేనా?"

"మీరే తాతా."

"నేనిట్టా గడియారంలాగ కొట్టను బాబూ."

నిజమే. ఆయన నలభై నిమిషాల్లో వేగం మెల్లమెల్లగా పెరుగుతుంది, ఒక్కోచోట ఆగి ఊపిరి తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో గీతలకి అతికించి అన్ని దెబ్బల్నీ ఒకే దూరంలో కూర్చోబెట్టింది నేను. అలా చేస్తేనే పైన కీబోర్డు సరిగ్గా కూర్చుంటుంది మరి.

"తాళం ఏదీ?" అన్నాడు మళ్లీ.

దీనికి ఇంకా సిగ్గేసింది. డోలు పక్కన కంచు తాళం మోగింది. కొట్టిన తర్వాత కూడా చాలాసేపు సన్నగా సాగుతూ ఉంటుంది ఆ మోత. ఆ రోజు గాలి ఎక్కువుందని నాయిస్ రిడక్షన్ పెట్టాను. అదేం చేస్తుందంటే, ఎడతెగకుండా సన్నగా వినపడేదాన్నంతా గాలి అనో ఫ్యాన్ అనో అనుకుని తుడిచేస్తుంది. కంచు మోత కూడా దానికి అలాగే వినిపించింది. తాళం దెబ్బ 'టక్' అని మిగిలింది, మోత పోయింది. రెండు లక్షల మంది విన్నారు, అక్కడ కంచు ఉందని ఒక్కరికీ తెలిసే దారి లేదు.

పెద్దాయన ఫోను తిరిగిచ్చి, చుట్ట వెలిగించుకున్నాడు. "నువ్వు పెట్టింది పిలుపు. కథ మొదలుపెట్టేముందు పెద్దోళ్లని రమ్మని కొట్టేది. పాటంతా పిలుస్తనే ఉన్నావు. పిలిచి కూసోబెట్టి, కథ చెప్పకపోతే ఎట్టా?"

మావాడు నా వైపు చూశాడు. నేను కోడి వైపు చూశాను.

మళ్లీ రికార్డ్ చేస్తామని, ఈసారి కొయ్యమని, డబ్బులు ముందే మాట్లాడుకుందామని చెప్పాం. పోయినసారి అందరికీ కలిపి ఐదు వేలిచ్చాం. ఈసారి మనవడు లెక్క చెప్పాడు, మేం ఒప్పుకున్నాం. కానీ కొమ్ము ఊదేవాడు మిరపతోటలో కూలికి పోయాడు. సాయంత్రం దాకా రాడు. ఆ లేకుండా కొట్టమంటే కుదరదన్నాడు తాత. ఆగాం. సిగ్నల్ లేదు. ఆఫీసు మెసేజ్‌లు లేకుండా నేను ఐదు గంటలు గడిపి ఎన్నేళ్లయిందో.

పొద్దువాలుతుంటే మంట వేసి డోలు చర్మం కాచారు. మైకు పది అడుగుల దూరంలో పెట్టాను, దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది. తాళానికి ఇంకో మైకు. మొదట పిలుపు. తర్వాత కోయలో కథ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మంచం పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం మధ్యలో రెండుసార్లు తల అడ్డంగా ఊపి ఏదో అంది, తాత ఆపి, మళ్లీ చెప్పాడు. పేర్ల వరస తప్పిందట. ఇరవయ్యో నిమిషంలో గనుల వైపు నుంచి ఏదో ధడ్‌మని పేలింది. మావాడు 'కట్' అన్నట్టు చెయ్యెత్తాడు. తాత ఆగలేదు. ఆ చప్పుడు రికార్డింగ్‌లో అలాగే ఉంది. తీసెయ్యాలా వద్దా అని మాకింకా తేలలేదు.

అయిపోయాక ఫోన్లో పేర్లు రాసుకున్నాను. తాత తన ఒక్కడి పేరు చాలదన్నాడు. తాళం, కొమ్ము, మంచం పక్క ముసలమ్మ. "తప్పు పట్టింది ఆమె కదా" అన్నాడు. ఇంకోటి కూడా రాయమన్నాడు, ఇది ఏ గట్టు కథో. నేను వాడే ఫారంలో లేబుల్, కాపీరైట్, భాష, మూడ్ అని గడులున్నాయి. గట్టుకి గడి లేదు. పేర్లకంటే పైన, మొదటి లైనులో పెట్టాను.

మ్యాగజైన్‌కి కూడా రాస్తానని చెప్తే మాత్రం వద్దన్నాడు. "పాట కింద పెట్టు. పేపర్లో పడితే ఇంకో పదిమంది కెమెరాలేసుకుని వస్తారు. మిరపకాయలు కోసే టైము." అందుకే ఇక్కడ పేరు లేదు.

పాత వీడియో డిస్క్రిప్షన్ మార్చడానికి అశ్వాపురం దాకా సిగ్నల్ దొరకలేదు. రోడ్డు పక్క బండి ఆపి, చలిలో చేతులు రుద్దుకుంటూ 'గ్రామ కళాకారులు' చెరిపేసి నాలుగు పేర్లు కొట్టాను. ఒక ఇంటిపేరుని కీబోర్డు రెండుసార్లు వేరే మాటగా మార్చింది. మనవడికి స్క్రీన్‌షాట్ పంపాను, ఒక్క టిక్కే పడింది.

ఖమ్మం చేరేసరికి రాత్రి పదకొండు. నలభై ఏడు నిమిషాల ఫైలు, కోయకుండా, అప్‌లోడ్‌కి పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే అరవై మూడు శాతం దగ్గర ఆగింది. మావాడు అప్పటికే థంబ్‌నెయిల్‌కి ఫొటో వెతుకుతున్నాడు. తాతదొక్కటీ పెట్టాలా, నలుగురినీ పెట్టాలా అని అడిగాడు. నలుగురూ ఉన్న ఫొటోలో ముసలమ్మ కెమెరా వైపు చూడట్లేదు, డోలు వైపు చూస్తోంది. అదే పెట్టమన్నాను.