నాంపల్లిలో నల్లమల

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బేరాలు ముగించుకొని నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు నడిచాను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ప్రదర్శన 1946లో ఇక్కడికి మారింది. ఏటా జనవరి 1 నుంచి నెలన్నర సాగుతుంది. కశ్మీరీ శాలువాలు, జెయింట్ వీల్ దాటుకుంటూ నేను వెతికింది గిరిజన సహకార సంస్థ స్టాల్‌ని.

"ఇది కొండతేనె సార్, పెట్టెల్లో పెంచింది కాదు" అంటూ సీసా చేతికిచ్చాడు అమ్మే కుర్రాడు. నల్లమలలోని అమ్రాబాద్ వైపు వాడట. ఆ తేనె కోసం అక్కడి చెంచు గిరిజనులు తీగతాడు పట్టుకొని లోయలోకి దిగుతారు. పైన తాడు పట్టేది అన్నదమ్ములు కాదు, బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని అతనికి తెలుసు. ప్రాణాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న విషయంలో చెంచుల లెక్క అంత కచ్చితం.

అటవీశాఖ స్టాల్‌లో పులి బొమ్మ దగ్గర సెల్ఫీల సందడి. పక్కనే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పటం: 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవిని ఎవరు కాస్తున్నారని అక్కడున్న బీట్ ఆఫీసరును అడిగాను. బేస్ క్యాంపుల్లో వాచర్లుగా చెంచు యువకులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉంటారన్నాడు. పులి అడుగు నిన్నటిదా, ఇవాళ్టిదా అని చూడగానే చెప్తారు. ట్రాప్ కెమెరా ఏ దారిలో బిగించాలో కూడా వాళ్లనే అడుగుతారు. "మాకు బదిలీలుంటాయి సార్, వాళ్లకుండవు" అన్నాడు.

ఇక్కడ నుమాయిష్ సాగే రోజుల్లోనే అక్కడ అడవిలో మంట పాకకుండా ఫైర్ లైన్ల పని. ఫిబ్రవరి దాటితే ఆకు రాలి అడవి ఎండిపోతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన చిన్న మంట చాలు, శ్రీశైలం రోడ్డు మీద ఎవరో విసిరిన బీడీ ముక్క చాలు. మంటను ముందు చూసేది పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఉన్నవాళ్లే. ఆర్పడానికి పరుగెత్తేదీ వాళ్లే.

బయటికొచ్చి పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిస్తే శాసనసభ తెల్లటి గోపురాలు కనిపించాయి. నల్లమల తలరాత ఒకసారి ఇక్కడికే వచ్చింది. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో ప్రతిపాదన కదిలినప్పుడు, ముందు గొంతెత్తింది చెంచు పెంటలు, అడవి అంచు గ్రామాలు. తర్వాత నగరం గొంతు కలిపింది. ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. నగరానికి స్వార్థమూ ఉంది: హైదరాబాద్ తాగే నీటిలో పెద్ద వాటా కృష్ణది, నల్లమల వాగులు కలిసేది ఆ కృష్ణలోనే.

ఇక ఊళ్ల తరలింపు సంగతి. పులుల రిజర్వ్ లోపలి ఊళ్లను ఖాళీ చేయించడానికి కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. వెళ్తామన్నవాళ్లను ఆపనక్కర్లేదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు ఎవరి ఒత్తిడీ లేనిదై ఉండాలి. అడవి కాసేవాళ్లను అడవికి అడ్డంకిగా లెక్కగడితే రేపు మంటను ముందు చూసేదెవరు?

నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఒక మాట. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తే విసుక్కోవద్దు. ప్లాస్టిక్ సీసా, సిగరెట్ ముక్క అక్కడ వదలొద్దు. తేనె కొంటే గిరిజన సహకార సంస్థ స్టాల్‌లోనే కొనండి.