కమికత్సు: ఆకులమ్ము అవ్వల యూరు

మా అత్తగారు అంబాజీపేటలో ఒంటిగా నుందురు. వయస్సు ఎనుబదిమూడు. జపాను దేశమున ఒసాకాలో ఉద్యోగము చేయుచున్న మా పెద్దవాడు క్రిందటి సంవత్సరము వచ్చి, ఆమె జారిపడినచో వెంటనే తనకు తెలియుటకై వసారాలో నొక కెమేరా బిగించి పోయెను. మరునాడే ఆమె దానిమీద తువ్వాలు కప్పెను. “నేను ఊరక కూర్చున్నది చూచుటకు యంత్రమెందుకే? ఏదైన పని చెప్పుమనుము, చేసెదను” అని నాతో ననెను. ఆ మాట నన్ను విడువలేదు. కార్తికమున కుమారునియొద్దకు పోయినప్పుడు, వృద్ధులు కంప్యూటరు నెదుట పెట్టుకొని పని చేయు కొండయూ రొకటి కలదని విని, వానిని తోడు తీసికొని బయలుదేరితిని.

కమికత్సు షికోకు ద్వీపమున తోకుషిమా నగరమునకు నైరుతిగా నున్నది. కత్సూరా నది వెంబడి పైకి పోవుకొలది లోయ యిరుకగును. ఇరువైపుల కొండలు, వానిపై నిటారు చెట్లు, నడుమనడుమ మెట్లవలె వరిమడులు. ఇండ్లన్నియు నొకచోట లేవు. ఈ వంపున నాలుగు, ఆ మలుపున మూడు. జనము సుమారు 1,400. అందు సగమునకు మించి అరువదియైదేండ్లు దాటినవారే. ఈ యూరివారు చెత్తను అనేక విధములుగా వేరుచేయుదురు గాని, ఆ సంగతి వేరొక వ్యాసమునకు తగినది.

ఒకప్పుడిది నారింజతోటల యూరు. 1981లో వచ్చిన ఘోరమైన చలికి తోటలు మాడిపోయినవి. మగవారికి పని పోయెను; అత్తలు కోడండ్రమీద విసుగుకొనుచు కాలము గడపుచుండిరట! వ్యవసాయ సహకారసంఘమున పనిచేయుచుండిన యొకోఇషి తోమోజి అను యువకుడు 1986లో ఒసాకాలో నొక భోజనశాలకు పోయెను. వడ్డించిన పళ్లెములో అలంకారముగా నుంచిన యెర్రని యాకును చూచి యొక పడుచు మురిసి, దానిని రుమాలులో చుట్టుకొనుట అతని కంటబడెను. అట్టి యాకులు కమికత్సు కొండలనిండ నున్నవి! అతడు వచ్చి చెప్పగా పెద్దలు నవ్విరి. ఆకులను డబ్బు చేయుట ఆ దేశపు కథలలో తనూకి యను మాయజంతువు చేయు పని. తొలుత చేరినవారు కొలదిమందియే. 1999లో “ఇరోదోరి” యను సంస్థ యేర్పడెను. నేడు మూడువందలకు పైబడిన రకముల ఆకులు, పూలు, రెమ్మలు ఇచ్చటినుండి జపాను భోజనశాలలకు పోవుచున్నవి.

మేము పోయిన యింటి అవ్వకు డెబ్బదియెనిమిదేండ్లు. నడుము వంగినది. ఉదయమున టీ త్రాగుచు ఆమె ఒడిలో టాబ్లెటు పెట్టుకొని వ్రేలితో నొక్కుచుండెను. ఏ యాకు ఎన్ని పెట్టెలు కావలెనో అందులో వచ్చును. ముందుగా నొక్కినవారిదే ఆ బేరము. ఆమె కన్నులు తెరమీద నిలిచిన తీరు చూచి, చేపకై కాచుకొన్న కొంగ జ్ఞాపకము వచ్చినది. “దొరికినది!” అని చప్పట్లు చరచి, చెప్పులు తొడుగుకొని పెరటిలోనికి నడచెను. నిచ్చెన అక్కరలేకుండ మోమిజి చెట్లను పొట్టిగా నరికి పెంచినది. చేతివ్రేళ్లవలె చీలిన చిన్న యాకులను కోసి, తుడిచి, ఒక్క పరిమాణమున్నవానిని ఏరి పెట్టెలో నమర్చెను. పురుగు కొరికినది ఒక్కటి కనబడినను ప్రక్కకు వేయును. నేనును ఒక పెట్టె కట్టితిని. ఆమె మారు మాటాడక దానిని విప్పి మరల కట్టెను.

మొదట కబురులు ఫాక్సుమీద వచ్చెడివట. 1990ల తుదిని కంప్యూటరు తెచ్చినప్పుడు, ముదుసలుల చేతికి అనువుగ పెద్దమీటలును, మౌసునకు బదులు అరచేతిక్రింద దొర్లెడు గుండును అమర్చిరి. చదువుకొన్న మనుమని పిలువక తామే నడుపుకొనుటకు ఇది చాలినది. ఇంకొక యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. తన యమ్మకమెంతో, ఊరిలో తనది యెన్నవ స్థానమో ఎవరిది వారికి తెరపై కనబడును. అవ్వ చెవిలో చెప్పినట్లు తన స్థానము చెప్పి, పొరుగామెకు చెప్పవలదని మావానిచేత ఒట్టు వేయించుకొనెను.

అన్నియు బాగున్నవని వ్రాయజాలను. ఆ యింట కుమారుని గదికి తాళమున్నది. అతడు పట్టణమున నున్నాడు. ఆకులు కోయు కుటుంబములును మునుపటికంటె తగ్గినవి. నిటారు దారిలో అవ్వ దిగుచుండగా నా గుండె ఝల్లుమన్నది. ఆమె పడినచో తెలియునదెట్లని అడిగితిని. “మధ్యాహ్నమునకు నా పెట్టెలు సంఘమునకు రాకున్న పదిమంది వచ్చెదరు” అని నవ్వెను. మావాడు ఆ మాట నాకు తెలిపి, చాలసేపు మాటాడలేదు.

ఇంటికి వచ్చి, పుస్తకములో దాచితెచ్చిన మోమిజి ఆకును అత్తగారికి చూపితిని. వెలుగునకు పట్టి త్రిప్పి చూచి, “దీనికి డబ్బిత్తురా! మన పనసాకు దీనికంటె గట్టిది” అనెను. ఆమె వయసులో నుండగా పొట్టిక్కబుట్టలు కుట్టుటలో వీధికంతకు పేరుపడినది. ఇప్పుడు మా బజారున ఫలహారశాలలవారు వానిని కొనియే తెచ్చుకొనుచున్నారు. మావాడు ఆ రాత్రియే టెలిఫోనులో బేరములు వచ్చునట్లు నలుగురు ముసలమ్మల పేర్లతో నొక జాబితా కట్టుదునని కబురు పంపెను. తెల్లవారగనే ఆమె దొడ్డిలో పనసచెట్టు క్రింద నిలిచి, పనివానిచే ఆకులు కోయించుచు, పుల్లలు సరిగా లేవని వానిని కోపించుచుండెను. కెమేరామీది తువ్వాలు మాత్రము ఇంకను అట్లే యున్నది.