చిలికిన అనాస

సావో పౌలోలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు మొన్న వేసవిలో వస్తూ ఒక సీసా తెచ్చుకున్నాడు. అందులోది ‘కషాస’. చెరకు రసాన్ని పులియబెట్టి బట్టీ పట్టిన సారా అది. రమ్ము చాలావరకు చక్కెర మడ్డి నుంచి వస్తుంది; ఇది నేరుగా రసం నుంచే. బ్రెజిల్ శాసనం ప్రకారం అందులో మద్యసారం నూటికి 38 నుంచి 48 పాళ్ళు.

దీనిని పండుతోను, డబ్బాలో దొరికే చిక్కని తీపిపాలతోను కలిపి మిక్సీ పడితే ‘బతీద’. పోర్చుగీసులో గిలక్కొట్టినదని అర్థం. బ్రెజిల్‌లో పెక్కుమంది నోట అది ‘బచీద’. ఇకారం ముందు తకారం చకారమైనదన్నమాట. కన్నడంలో ‘కివి’గా నిలిచినది మనకు ‘చెవి’ అయినట్లు, ఇదీ తాలవ్యీకరణమే. పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది!

వాడు ఎంచుకున్న పండు అనాస. అది పుట్టింది దక్షిణ అమెరికాలో. అక్కడి ఆదివాసుల మాటనే పోర్చుగీసువారు పండుతోబాటు మన తీరానికి మోసుకొచ్చారు. బ్రెజిల్‌వారు మాత్రం సాధారణంగా దానిని ‘అబకషీ’ అంటారు. వారి నోట అరుదైపోయిన పేరు మన సంతల్లో నేటికీ వినబడుతున్నది.

సగం పండు, అర డబ్బా తీపిపాలు, గుప్పెడు మంచుముక్కలు. చిలికిన వెంటనే త్రాగాలి. పచ్చి అనాసలో మాంసకృత్తులను విరిచే ఎంజైము ఉన్నది. నిలవ ఉంచితే పాలు చేదెక్కుతాయి. ముక్కలను కాసేపు ఉడికించి చల్లార్చుకుంటే ఆ బాధ లేదు.

నా పేచీ పాలతో కాదు. సారా గొంతు మండిస్తుంది, ఆ మంటే త్రాగేవాడికి హద్దు చెబుతుంది. ఇక్కడ తీపి ఆ మంటను కప్పివేస్తుంది. వంటింటి గట్టు మీద రెండు జగ్గులు, రెండింటిలో ఒకే రంగు, ఒకే నురుగు. ఇంట్లో ఎనభై ఆరేళ్ళ మా అమ్మ. సారా కలిపిన జగ్గు పిడికి నేనే ఎర్రదారం కట్టాను.

మేనల్లుడు నవ్వలేదు. మా బావగారిని ఏది తీసుకుపోయిందో కొడుకుగా వాడికి నాకంటె బాగా తెలుసు. ఆ మాట నేనెత్తలేదు. వాడే దగ్గుమందు మూతతో కషాసను కొలిచి పోస్తూ, “లెక్క తప్పను మావయ్యా” అన్నాడు. ఒక్క గ్లాసుతో ఆపి, మిగిలినది తొట్టిలో పారబోశాడు.

సారా లేకుండా పాలూ పండూ చిలికితే అక్కడ ‘వితమీన’ అంటారట. రెండో గ్లాసు పుచ్చుకుంటూ అమ్మ అడిగింది, “ఇది డాక్టరు వ్రాసిచ్చాడుట్రా?”